ఇరవై ఆంప్సే కదా అన్నాడు

పదకొండు దాటింది. మా ఆర్‌వీలో (ఇల్లులాంటి బండి) వెనక గది ఏసీ ఒక్కటే నడుస్తోంది, అందరూ అక్కడే సర్దుకుని పడుకున్నారు. నేను ముందు సోఫాలో చెమట తుడుచుకుంటూ కూర్చున్నా, మధ్యాహ్నం క్యాంప్‌గ్రౌండ్ ఆఫీసులో ఆ అబ్బాయి అన్న మాట మింగుడుపడక.

మేం బుక్ చేసింది 50 ఆంప్స్ సైటు, అంటే బండి నిలిపి కరెంటు తీసుకునే చోటు. తీరా వచ్చాక అది లేదు, 30 ఆంప్స్‌ది ఇస్తాం అన్నారు. ఇరవై ఆంప్సే కదా తేడా, అడాప్టర్ పెట్టుకుంటే సరిపోతుందట! 30 ఆంప్స్ పోస్టులో (బండి ప్లగ్గు పెట్టే కరెంటు స్తంభం) వచ్చేది 120 వోల్టుల లైను ఒక్కటే, మొత్తం 3,600 వాట్లు. 50 ఆంప్స్ పోస్టులో అలాంటి లైన్లు రెండు, ఒక్కో దాంట్లో 50 ఆంప్స్, అంటే 12,000 వాట్లు. మూడో వంతు కూడా ఇవ్వకుండా పూర్తి డబ్బులు తీసుకున్నారు. టెక్సాస్‌లో, ఆగస్టులో.

మా బండి పైన ఉన్నవి రెండు ఏసీలు. ఒక్కోటి కుదురుగా నడిచేటప్పుడే 13 ఆంప్స్ దాకా లాగుతుంది, ఎండ ముదిరితే ఇంకాస్త. కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో అయితే దానికి ఎన్నో రెట్లు. ఒక ఏసీ, పైన మైక్రోవేవ్, బ్యాటరీ ఛార్జింగ్, అంతే, బ్రేకర్ పడిపోయేలా ఉంటుంది. గీజరు, ఫ్రిజ్ గ్యాస్ మీదికి మార్చేశాం. స్టవ్ వెలిగిస్తే లోపలంతా ఉక్క, అందుకని అత్తయ్యగారికి పాలు వేడి చేయాలన్నా ఏసీ ఆపి మైక్రోవేవ్ వేయడం, తర్వాత కంప్రెసర్‌లో ప్రెషర్ దిగేదాకా రెండు మూడు నిమిషాలు ఆగి మళ్లీ ఏసీ వేయడం. రాత్రి జెనరేటర్ వేయనివ్వరు. ఆవిడ పాపం ఒక్క మాట అనలేదు, అదే నాకు ఇంకా బాధగా ఉంది.

ఈయనేమో సాయంత్రమంతా మీటరు దగ్గరే. "అది ఆపు, ఇది ఆపు" అంటూ, మధ్యమధ్యలో బయటికెళ్లి ప్లగ్గు ముట్టుకుని రావడం. విసుగొచ్చింది నిజమే, కానీ ఆరిజోనా గుర్తొస్తే ఏమీ అనలేను. అప్పటిది పాత బండి, ఒకటే ఏసీ. సాయంత్రం ప్లాస్టిక్ కాలిన వాసన, ఎక్కడినుంచో తెలియదు. పిల్లల్ని కిందికి దించి అంతా వెతికాం. చివరికి పోస్టులో ప్లగ్గు లాగితే సగం దూరం వచ్చి పట్టేసింది. మెయిన్ ఆపి గట్టిగా గుంజాక చూస్తే ఒక పిన్ను నల్లబడి, దాని చుట్టూ పసుపు ప్లాస్టిక్ కరిగి బుడగలు కట్టి ఉంది. ఎంతోమంది పెట్టి తీసి, పెట్టి తీసి లోపలి రేకులు వదులైపోయాయి. కాంటాక్టు సరిగ్గా లేకపోతే అక్కడే వేడి పుడుతుంది, బ్రేకర్‌కి ఆ సంగతే తెలియదు. ఆ రాత్రి పక్కన పిల్లలున్నారని తల్చుకుంటే ఇప్పటికీ గుండె దడ.

పొద్దున్నే వెళ్లి సైటు మార్చమని గట్టిగా అడగాలనుకుంటూ ఇది మొదలుపెట్టాను. ఇప్పుడు వద్దనిపిస్తోంది. నాలుగింటికి మీటరు 105 వోల్టులు చూపించింది, 104 కన్నా కిందికి పోగానే మా ప్రొటెక్టర్ కరెంటు కట్ చేసేసింది. వోల్టేజ్ పడిపోతే కంప్రెసర్ ఎక్కువ కరెంటు లాగి వైండింగ్ కాలిపోతుంది కాబట్టి అది చేసింది మంచి పనే. వరసలో అందరూ ఏసీలు వేస్తే పాత వైరింగ్ మీద వోల్టేజ్ అందరికీ దిగుతుంది. 50 ఆంప్స్ పోస్టు ఇచ్చినా ఆ గంటసేపు రెండు ఏసీలూ ఆగేవి. సామానంతా మళ్లీ సర్దుకుని వెళ్లి ఏం లాభం? అయితే తేడా డబ్బులు మాత్రం వదలను, వాట్లతో సహా కాగితం మీద రాసి చూపిస్తాను.

అన్నట్టు, అందరూ ఒకే గదిలో చేరేసరికి పిల్లలు అత్తయ్యగారి చేత కథ చెప్పించుకున్నారు. బాగుంది.

రేపు వంట పదింటిలోపే అయిపోవాలి. బండి ముందు అద్దానికి షేడ్ వేసి, వోల్టేజ్ బాగున్నప్పుడే లోపల బాగా చల్లబరిచి పెట్టుకోవాలి. ఆఫీసు తొమ్మిదికి తెరుస్తారట.