నాన్నగారి అంబాసిడర్ వైపర్ మోటారు

సిరిమాను పండగకు నాలుగు రోజుల ముందు, విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర జోరువానలో నాన్నగారి అంబాసిడర్ వైపర్లు అద్దం మధ్యలో ఆగిపోయాయి. కొత్త మోటారు పెట్టెయ్యమని అందరూ అన్నారు. నాకు మనసొప్పలేదు. ముప్పై ఏళ్లు ఇంటిల్లిపాదినీ తిప్పిన బండి అది. విప్పి చూడకుండా దాని మోటారును పాత ఇనుముకు ఎలా వేస్తాను?

బ్యాటరీ తీగ తీశాను. వైపర్ మోటారు గేరుపెట్టె మూత విప్పేముందు మూతనూ పెట్టెనూ కలుపుతూ మేకుతో ఒక గీత గీశాను. ఆ గుర్తు తప్పితే, ఆపినప్పుడు వైపర్లు తమ చోటికి చేరవు.

లోపల గ్రీజు తాటిబెల్లంలా గట్టిపడి, గీరితే పెళ్లలుగా రాలింది. మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే రెండు కార్బన్ బ్రష్‌లలో ఒకటి బాగా అరిగిపోయి, కమ్యుటేటర్‌ను, అంటే ఆ భాగం చుట్టూ ఉండే రాగి పట్టీల వరసను, సరిగా తాకడం లేదు. రోగం అక్కడే దొరికింది. రాగి పట్టీలను గాజు కాగితంతో మెల్లగా తుడిచాను. ఎమెరీ కాగితం వద్దు, దాని రజను విద్యుత్తును పోనిచ్చి పట్టీలను కలిపేయగలదు. పట్టీల సందుల్లోని నల్లపొడిని సూదితో తీయడానికే గంట పట్టింది.

కొత్త బ్రష్‌లు, గ్రీజు వేసి 12 వోల్టుల బ్యాటరీకి తగిలిస్తే సన్నగా గురక పెట్టింది. పడక కుర్చీలోంచి నాన్నగారు, "అదే బాబూ, ఆ చప్పుడే!" అన్నారు.

పండగ మర్నాడు మళ్లీ వాన. ఆయన్ను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని గంటస్తంభం దాకా వెళ్లాను. దారంతా ఆయన చూపు వైపర్ల మీదే.