దిబ్బరొట్టె: అడుగు మాడకుండా, నడుమ పచ్చిగా ఉండకుండా

రుబ్బిన మినప్పప్పులో ఇడ్లీ రవ్వ కలిపి మూకుట్లో మందంగా కాల్చే దిబ్బరొట్టె చెడిపోతే అందరూ ముందు పిండినే తిడతారు. పప్పు పాతదనీ, పిండి పులవలేదనీ అంటారు. నిజానికి పిండి బాగానే ఉంటుంది, పొయ్యి దగ్గరే తేడా వస్తుంది. అట్టు పల్చన కాబట్టి నిమిషంలో కాలిపోతుంది. ఇడ్లీకి చుట్టూ ఆవిరి ఉంటుంది కాబట్టి పది నిమిషాల్లో ఉడికిపోతుంది. దిబ్బరొట్టె నడుమ అంగుళంన్నర మందం ఉంటుంది. దాని అడుగు నూనెలో వేగాలి, పైభాగం మూత కింద ఆవిరికి ఉడకాలి, ఈ రెండు వేడులూ మెల్లగా పాకి నడుమ కలుసుకోవాలి. కట్టెలూ బొగ్గులూ ఉన్న రోజుల్లో మూకుడు మీద పళ్ళెం మూసి, ఆ పళ్ళెం మీద కూడా నాలుగు నిప్పులు వేసేవారు. ఓవెన్ చేసే పని కూడా అదే. గ్యాసు పొయ్యి వచ్చాక ఆ పై నిప్పు పోయింది. ఇప్పుడు దానికి బదులు మన చేతిలో ఉన్నవి సన్న సెగ, బరువైన మూత, ఇంకాస్త ఓపిక.

కొలతలు చెప్తాను. మినపగుళ్ళు ఒక గ్లాసు, ఇడ్లీ రవ్వ రెండు గ్లాసులు. తూకంలో పప్పు 200 గ్రాములైతే రవ్వ దాదాపు 350 గ్రాములు. దీంతో ఎనిమిదంగుళాల మూకుట్లో రెండు రొట్టెలు వస్తాయి, నలుగురికి టిఫినుకి సరిపోతాయి. రవ్వ మూడు వంతులు వేసే ఇళ్ళు కూడా ఉన్నాయి. అలా వేస్తే పైన కరకరలాడుతుంది కానీ లోపల పొడిపొడిగా రాలుతుంది, సాయంత్రానికి గట్టిపడుతుంది. వంతున్నరే వేస్తే లోపల గారెలా మెత్తగా ఉంటుంది, నూనె మాత్రం ఎక్కువ తాగుతుంది. ఒకటికి రెండే నా ఓటు. బొంబాయి రవ్వ మాత్రం వద్దు. అది గోధుమ రవ్వ కదా, బిగుసుకుని సాగుతుంది. బియ్యప్పిండి కూడా వద్దు, రొట్టె ముద్దకట్టి దిమ్మలా తయారవుతుంది.

దొరికితే పొట్టు మినప్పప్పు వాడండి. నానిన పప్పుని పైపైన కడిగి సగం పొట్టు ఉంచేసి రుబ్బితే రొట్టెకి ఒక కమ్మటి వాసన వస్తుంది. తెల్లటి గుళ్ళతో ఆ వాసన రాదు. నల్ల చుక్కలు కనిపిస్తాయని పిల్లలు పేచీ పెడితే మాత్రం గుళ్ళతోనే కానివ్వండి.

పప్పు నాలుగు గంటలు నానితే చాలు. వేసవిలో రాత్రంతా నానబెడితే ఆ నీళ్ళు నురగ కట్టి పుల్లటి వాసన వేస్తాయి, రుబ్బిన పిండి కూడా జారుడుగా వస్తుంది. రవ్వని రెండు మూడు సార్లు కడిగి, తెల్లటి నీళ్ళు వంపేసి, ఓ గంట నాననివ్వాలి. నానని రవ్వ రొట్టెలో పప్పు తేమని పీల్చేసుకుని పళ్ళ కింద పలుకులుగా తగులుతుంది.

రుబ్బేటప్పుడు పెట్టుకోవలసిన గుర్తు గారెల పిండి కంటే కాస్త వదులు, ఇడ్లీ పిండి కంటే బాగా గట్టి. 200 గ్రాముల పప్పుకి 120 నుంచి 150 మిల్లీలీటర్ల నీళ్ళు, అది కూడా ఒక్కసారిగా పోయకుండా చిలకరిస్తూ పోవాలి. మినప్పప్పులో ఉన్న జిగురే గాలిని పట్టి ఉంచుతుంది. ఆ గాలి వల్లే రొట్టె లోపల గుల్లగా వస్తుంది, సోడా ఉప్పు అవసరమే లేదు. గ్రైండరులో పాతిక నిమిషాలు తిరిగితే పిండి వెన్నలా పొంగుతుంది. మిక్సీ అయితే గిన్నె వేడెక్కుతుంది, పిండి కూడా వేడెక్కి పొంగదు. అందుకే ఫ్రిజ్ నీళ్ళు పోస్తూ, అర నిమిషం తిప్పి ఆపుతూ రుబ్బుకోండి. చిన్న ఉండ తీసి గిన్నెడు నీళ్ళలో వేస్తే తేలాలి. మునిగితే ఇంకా గాలి పట్టలేదని అర్థం, మరో రెండు నిమిషాలు తిప్పండి.

రవ్వని గుప్పెడు గుప్పెడు తీసి, నీళ్ళు పోయేలా గట్టిగా పిండి, రుబ్బిన పప్పులో కలపాలి. ఇక్కడే చాలామంది పొరపడతారు. రవ్వలో మిగిలిన నీళ్ళు గరిటెడే అనిపిస్తాయి కానీ పిండిని జారుగా చేసేది అవే. జారు పిండి మూకుట్లో పరుచుకుపోయి మందపాటి అట్టవుతుంది తప్ప దిబ్బ అవ్వదు. రెండు చెంచాల ఉప్పు, చెంచా జీలకర్ర వేసి, చేత్తో అడుగు నుంచి పైకి ఎత్తుతూ కలపండి. గరిటెతో గిరగిరా తిప్పితే పట్టిన గాలంతా పోతుంది.

పులియబెట్టాలా వద్దా అన్నది ఎప్పుడూ తెగని తగువు. వెంటనే కాల్చినా రొట్టె బాగుంటుంది, మినుము రుచి పూర్తిగా తెలుస్తుంది. రెండు మూడు గంటలు పక్కన పెడితే రవ్వ పిండికి బాగా అంటుకుని కోసినప్పుడు విరగదు. నేను చెప్పేది ఈ రెండోదే. రాత్రంతా పులిస్తే అది ఇడ్లీ రుచే, రొట్టె రుచి కాదు. ముదురు బెల్లం పానకంతో తినేవాళ్ళకి ఆ పులుపు అసలే నచ్చదు.

ఇక పొయ్యి సంగతి. మందపాటి ఇనప మూకుడు కావాలి. పల్చటి అల్యూమినియం బాణలి తప్ప వేరేది లేకపోతే దాని కింద పాత అట్ల పెనం పెట్టండి, మంట నేరుగా తగలదు. మూకుడు మధ్య సెగ మీద మూడు నాలుగు నిమిషాలు కాగాక మూడు పెద్ద చెంచాల నూనె వేసి అంచుల దాకా తిప్పండి. పిండి చుక్క వేస్తే చుయ్యిమనాలి. అప్పుడు సగం పిండి వేసి, తడి చేత్తో నడుమ ఎత్తుగా, అంచుల వైపు వాలుగా సర్దండి. చల్లటి మూకుట్లో వేస్తే పిండి నూనెని పీల్చుకుని అడుగున అతుక్కుపోతుంది. తెలంగాణలో చేసే సర్వపిండి దీనికి సరిగ్గా ఎదురు పద్ధతి. అది బియ్యప్పిండి ముద్ద, గిన్నె చల్లగా ఉన్నప్పుడే నూనె రాసి చేత్తో అద్దుతారు. రెండోది అద్దే ముందు గిన్నె మీద నీళ్ళు పోసి చల్లారుస్తారు కూడా. సర్వపిండికి అలవాటుపడిన చేయి దిబ్బరొట్టె దగ్గర తడబడేది ఇక్కడే.

పిండి వేయగానే ఒక్క నిమిషం మధ్య సెగ మీదే ఉంచి, అడుగు బిగిశాక మూత పెట్టి చిన్న బర్నరు మీద పూర్తిగా తగ్గించేయండి. అప్పటి నుంచి 18 నుంచి 20 నిమిషాలు. మధ్యలో మూత తీసి చూస్తే ఆవిరి పోతుంది, పైభాగం ఎండిపోయి నెర్రెలిస్తుంది. మూత బల్లపరుపుగా ఉంటే ఆవిరి నీళ్ళు నడుమ కారి చిత్తడి చేస్తాయి. డోము మూత వాడండి, లేదంటే మూతకి లోపల గుడ్డ కట్టండి.

తిప్పవచ్చని తెలియడానికి మూడు గుర్తులు ఉన్నాయి. పైన తడి మెరుపు పోయి ఇడ్లీలా కనిపిస్తుంది. అంచులు మూకుడుని వదిలి లోపలికి ముడుచుకుంటాయి. మూకుడు ఊపితే రొట్టె మొత్తంగా కదులుతుంది. ఈ మూడోది లేకుండా అట్లకాడ దూర్చారా, రొట్టె రెండు ముక్కలవుతుంది, అడుగు మూకుడుకే ఉండిపోతుంది. కదలకపోతే అంచు వెంబడి చెంచాడు నూనె వదిలి మరో మూడు నిమిషాలు ఆగండి. తిప్పాక మూత అక్కర్లేదు, ఆరేడు నిమిషాలు చాలు. అడుగు ముదురు ఎరుపులో, దాదాపు ఇటుక రంగులో ఉండాలి. బంగారు రంగు దగ్గరే దించేస్తే ఆ కరకర రాదు, రుచంతా ఆ ఎర్రటి పెచ్చులోనే ఉంది.

నడుమ పుల్ల గుచ్చి చూడండి. తడి పిండి అంటుకుంటే సెగ ఎక్కువై అడుగు ముందే ఎర్రబడిందన్నమాట. అప్పుడు సెగ పెంచకండి. మళ్ళీ మూత పెట్టి అయిదు నిమిషాలు అతి సన్నగా మగ్గనివ్వండి. దించాక కూడా అయిదు నిమిషాలు ఆగి కోయాలి. వెంటనే కోస్తే లోపలి ఆవిరి ఒక్కసారి పోయి నడుమ జిగటగా తోస్తుంది, ఉడకలేదని అపోహపడతారు. పళ్ళెంలో బోర్లిస్తే పెచ్చు చెమర్చి మెత్తబడుతుంది, చిల్లుల సిబ్బి మీద ఆరనివ్వండి.

ఇండక్షన్ పొయ్యి వాడేవాళ్ళకి మూకుడు పనికిరాదు, అడుగు బల్లపరుపు ఉన్న మందపాటి గిన్నే కావాలి. చాలా ఇండక్షన్ పొయ్యిల్లో వేడి నడుమ ఒక వలయంలోనే పుడుతుంది, రొట్టె మీద నల్లటి చక్రం పడుతుంది. తక్కువ అంకె మీద అయిదారు నిమిషాలు గిన్నె కాగనిస్తే ఆ తేడా కొంత సర్దుకుంటుంది.

విదేశాల్లో ఉండి ఓవెన్ చేతిలో ఉన్నవాళ్ళకి మరీ సులువు, పోయిన పై నిప్పు తిరిగి వచ్చినట్టే. పదంగుళాల ఇనప స్కిల్లెట్‌ని, అంటే పిడి ఉన్న లోతు పెనాన్ని, ఓవెన్లోనే పెట్టి 200 డిగ్రీల సెల్సియస్‌కి వేడి చేయండి. ఓవెన్ వేడెక్కాక కూడా పదిహేను నిమిషాలు స్కిల్లెట్ లోపలే ఉండాలి, ఇనుము నెమ్మదిగా కాగుతుంది. బయటికి తీసి మూడు చెంచాల నూనె, పైన చెప్పిన పిండి మొత్తం ఒకేసారి వేసి సర్దండి, అంగుళం కంటే కాస్త తక్కువ మందం వస్తుంది. పైన నూనె రాసి, మొదటి పదిహేను నిమిషాలు ఫాయిల్ కప్పండి. కప్పకపోతే పొడి వేడికి పైన పొర ఎండి పగులుతుంది. ఫాయిల్ తీసి మరో పదిహేను నిమిషాలు, చివర ఓవెన్ పై సెగ (గ్రిల్) పెట్టి మూడు నిమిషాలు. తిప్పే పనే లేదు. పిడి పట్టుకునేటప్పుడు మాత్రం మందపాటి గుడ్డ మరిచిపోకండి.

మిగిలిన ఇడ్లీ పిండితో చేద్దామనుకుంటే అది జారుగా ఉంటుంది. రెండు గరిటెల పిండికి నానబెట్టి పిండిన రవ్వ రెండు పెద్ద చెంచాలు కలిపి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి ముక్కలు వేసి చిన్న గిన్నెలో కాల్చండి. రాత్రి పూట వంట చేసే ఓపిక లేనప్పుడు ఇది బాగా పనికొస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన పిండిని గంటసేపు బయట ఉంచాకే వాడాలి. చల్లటి పిండి అయితే అడుగు ఎర్రబడే వేళకి కూడా నడుమ వేడెక్కదు.

నంజుకోవడానికి అల్లప్పచ్చడి ఉంటుంది, కొత్తావకాయా వెన్నా ఉంటాయి. కానీ గోదావరి వైపు అడిగితే మొదట చెప్పేది పానకమే. చెరుకు పానకం దొరకనప్పుడు ఇంట్లో ఇలా చేసుకోవచ్చు. 200 గ్రాముల బెల్లంలో పావు గ్లాసు నీళ్ళు పోసి కరిగించి, ఇసుక లేకుండా వడకట్టి, సన్న సెగ మీద నాలుగయిదు నిమిషాలు మరిగించండి. వేళ్ళకి జిగురుగా అంటాలి, తీగ మాత్రం రాకూడదు. తీగ వస్తే చల్లారాక సీసాలో గడ్డకడుతుంది. అలా అయితే రెండు చెంచాల వేడి నీళ్ళు పోసి మళ్ళీ వెచ్చబెడితే సర్దుకుంటుంది. దించాక యాలకుల పొడి చిటికెడు.

మిగిలిన రొట్టెని మైక్రోవేవ్‌లో పెట్టకండి, పెచ్చు తోలులా సాగుతుంది. మర్నాడు పొద్దున వేలెడు మందం ముక్కలుగా కోసి, నూనె లేకుండా పొడి పెనం మీద రెండు వైపులా కాల్చండి. కోసిన వైపు కూడా ఎర్రబడుతుంది, కొన్ని ఇళ్ళలో ఆ ముక్కల కోసమే ఒక రొట్టె ఎక్కువ వేస్తారు.