తొడ మీద తాళం వేసుకుంటే తప్పేంటండీ?

ప్యారిస్‌లో ఒక కచేరీ మధ్యలో పక్క సీట్లో పెద్దావిడ నా వైపు తిరిగి, చెయ్యి ఆపమని సైగ చేసింది. నేనేం డప్పు వాయించట్లేదు, తొడ మీద రెండు వేళ్ళతో తాళం వేసుకుంటున్నా, అంతే. వాయిస్తున్నది అమెరికన్ స్వరకర్త స్టీవ్ రైష్ 18 మంది కళాకారుల కోసం రాసింది, 1976 నాటిది. పియానోలు, మరింబాలు దాదాపు గంటసేపు ఒకటే నడక, ఎక్కడా ఆగదు. దాన్ని చెయ్యి కదపకుండా ఎలా వింటారో!

నాకు ఈ సంగీతం ఎక్కిందే తాళం వల్ల. నైట్ సపోర్ట్ షిఫ్టులో ఒక కొలీగ్ కింగ్ క్రిమ్సన్ అనే రాక్ బ్యాండ్ పాటలు పెట్టేవాడు. వాళ్ళ 1981 ఆల్బమ్‌లో రెండు గిటార్లు ఒకే వరస ఎత్తుకుంటాయి, ఉన్నట్టుండి ఒకటి ఒక స్వరం మింగేసి ముందుకు జరిగిపోతుంది. "కష్టం, చాలాసార్లు వినాలి" అన్నాడు వాడు. ఏడు లెక్క చెవిన పడగానే నాకు తకిట తకధిమి, మిశ్రచాపు, ఇంక వేళ్ళు ఊరుకుంటాయా. (ఆ ప్యారిస్ కచేరీ టికెట్ ఇచ్చింది కూడా వాడే పాపం.)

ఇదే ప్యారిస్‌లో 1913 మేలో రష్యన్ స్వరకర్త స్ట్రావిన్‌స్కీ బాలే మొదటి రోజున జనం ఈలలు, కేకలతో హాలు ఎగరగొట్టారు. ఇదే ప్యారిస్‌లో మెస్సియాన్ అనే ఫ్రెంచ్ స్వరకర్త మన శార్ఙ్గదేవుడి పాత సంగీత గ్రంథం సంగీత రత్నాకరంలో దేశీ తాళాలు పట్టుకెళ్ళి తన రచనల్లో వాడుకున్నాడు. మన తాళాలు కావాలి గానీ మన చెయ్యి కదలకూడదట.

సెలవకి బెజవాడ వచ్చినప్పుడు సత్యనారాయణపురంలో బాబాయికి ఇదంతా చెప్పా, నా వైపు మాట్లాడతాడని. "ఆవిడ చేసిందే కరెక్టురా" అన్నాడు! ఆమధ్య తుమ్మలపల్లి కళాక్షేత్రంలో కచేరీకి వెళ్తే వెనకాల ఒకాయన ఆలాపన అయ్యేదాకా ఫోన్లో స్థలం బేరం ఆడాడట. అది వేరు, ఇది వేరు బాబాయ్ అంటే వినడు. మన కచేరీల్లో మృదంగం ఒక్కటే వాయించే తనియావర్తనం అప్పుడు ముందు వరసంతా తాళం వేస్తుంటే మృదంగం ఆయన వాళ్ళకేసి చూసి నవ్వుకుంటూ ఇంకో ముక్తాయింపు వెయ్యడా? ప్యారిస్‌లో వాయించేవాళ్ళు మనకేసి చూడనే చూడరు, హాలంతా చీకటి. నిశ్శబ్దం బాగానే ఉంటుంది, కాదనను, ప్రతి స్వరం వినపడుతుంది, కానీ మనం ఉన్నట్టు ఎవరికీ తెలీదు.

ఆ 18 మందిది ఓ ఐదు నిమిషాలు వినిపిస్తే "ఈ మిక్సీ ఎవరూ కట్టెయ్యరా?" అన్నాడు. బాలమురళి గారు నాలుగే స్వరాలతో లవంగి రాగం చేసినప్పుడు కూడా కాదన్నవాళ్ళున్నారు కదా అన్నా. ఆయన పేరెత్తాక కాస్త మెత్తబడ్డాడు. సరేనని రైష్‌దే 1972లో రాసిన చప్పట్ల ముక్క పెట్టా. ఇద్దరు మనుషులు, పన్నెండు లెక్కల వరస, ఒకడు కదలడు, రెండోవాడు కొన్ని ఆవర్తాలకోసారి ఒక్కో లెక్క జరుగుతూ పోయి చివరికి మళ్ళీ కలుస్తాడు. బాబాయి వేళ్ళు లెక్కపెడుతూ విని, "రెండోవాడు తాళం తప్పాడురా" అన్నాడు.

కావాలనే తప్పుతాడు బాబాయ్, రాసిందే అలా అన్నా.

"తప్పినందుకు డబ్బులిస్తారా అక్కడ? మరి నీకెందుకురా రాత్రుళ్ళు డ్యూటీ?"