ఫైలు కళ్లముందే ఉంది, సర్వరేమో లేదంటోంది

పైథాన్ క్లాసులు మొదలై రెండు నెలలయ్యాక, నా ప్రోగ్రాము టెర్మినల్‌లో కాకుండా బ్రౌజర్‌లో కనబడితే చూడాలని బుద్ధి పుట్టింది. పది లైన్లు, "నమస్కారం" అని చెప్పి టైమ్ చూపించాలి, అంతే. ఫ్రేమ్‌వర్కులు తర్వాత చూసుకోవచ్చు, ముందు పాత పద్ధతిలో సీజీఐతో (బ్రౌజర్ అడిగినప్పుడల్లా సర్వరు ప్రోగ్రామును నడిపి, అది ప్రింట్ చేసింది పంపే పద్ధతి) చేద్దామని, ఉబుంటు లినక్స్ ఉన్న లాప్‌టాప్‌లో అపాచీ అనే వెబ్ సర్వరు ఎక్కించాను. (పాత పాఠాల్లో కనబడే సీజీఐ అనే పైథాన్ మాడ్యూలును 3.13 వెర్షన్‌లో తీసేశారు. ఉత్తి ప్రింట్‌కి దాని అవసరమే లేదు లెండి.)

మామూలు వెబ్ ఫోల్డర్‌లో పెడితే ప్రోగ్రాము నడవలేదు, కోడంతా ఉన్నదున్నట్టు తెర మీదికొచ్చింది. సీజీఐ ప్రోగ్రాములు పెట్టే సీజీఐ-బిన్ ఫోల్డర్‌లోకి మారిస్తే 404, అంటే అలాంటి పేజీ లేదని. అపాచీలో సీజీఐ మాడ్యూలే ఆన్ చేయలేదని అరగంటకి తెలిసింది. ఆన్ చేసి రీస్టార్ట్ చేస్తే 500 ఎర్రర్. లోపల ఏదో పాడైందని తప్ప బ్రౌజర్ ఇంకేం చెప్పదు, నేనేమో రిఫ్రెష్ కొడుతూనే ఉన్నాను. అపాచీ తప్పులు రాసుకునే ఎర్రర్ లాగ్ తెరిచాక గానీ పర్మిషన్ లేదన్న సంగతి కనబడలేదు. ఫైలును అందరూ నడపగలిగేలా 755 అనే పర్మిషన్ ఇచ్చాను.

మళ్లీ 500. లాగ్‌లో ఈసారి "అలాంటి ఫైలు లేదు" అని. ఫైలు పేరు దారితో సహా రాసి మరీ లేదంటోంది! టెర్మినల్‌లో పైథాన్3 అని ముందు కొట్టి నడిపితే చక్కగా నడుస్తోంది. పేరు మార్చాను, తీసేసి మళ్లీ పెట్టాను, తల పట్టుకున్నాను. చివరికి కనబడని అక్షరాలను కూడా చూపించే ఆప్షన్‌తో తెరిస్తే ప్రతి లైను చివరా ఒక టోపీ గుర్తు, పక్కన ఎమ్. కోడ్ రాసింది ఇన్‌స్టిట్యూట్‌లో విండోస్ మీద, నోట్‌ప్యాడ్‌లో. అది లైను చివర అదనంగా ఒక క్యారెక్టర్ పెడుతుంది. పైథాన్ దాన్ని పట్టించుకోదు గానీ, మొదటి లైనులో పైథాన్ ఎక్కడుందో చెప్పే దారికి అది అతుక్కుంటే లినక్స్ ఆ తోకతో సహా వెతుకుతుంది. తోక ఉన్న పైథాన్ ఎక్కడుంటుంది?

తోకలు కత్తిరించాక ఇంకో తప్పు, పేజీకి ముందు దాని రకం చెప్పే హెడర్ తర్వాత ఖాళీ లైను వదల్లేదు. అది పెట్టగానే పేజీ వచ్చింది, కానీ "నమస్కారం" ఉండాల్సిన చోట పిచ్చి గీతలు. కంటెంట్-టైప్ అనే ఆ హెడర్ లైనులో, అక్షరాలను ఏ పద్ధతిలో చదవాలో చెప్పే యూటీఎఫ్-8 అన్న పేరు చేర్చాక తెలుగు కనబడింది. కింద టైమ్, రాత్రి 1:47. రిఫ్రెష్ కొడితే 1:48 అయింది.