సెవెరస్ కుటుంబం కాసు: చూడాల్సింది ముఖాలు కాదు, తలలు

రోమన్ బంగారు కాసుల్లో కుటుంబాల బొమ్మలున్నవి చాలానే ఉన్నాయి. వాటిలో సెప్టిమియస్ సెవెరస్ క్రీ.శ. 202 ప్రాంతంలో వేయించిన ఆరియస్‌కి సాటి లేదనే అంటాను. ముందు వైపు చక్రవర్తి. వెనక, మన రూపాయి బిళ్ల కన్నా చిన్న జాగాలో ముగ్గురు: నడుమ మహారాణి జూలియా డోమ్నా నేరుగా మనవైపు చూస్తూ, చెరో పక్కన కొడుకులు కారకల్లా, గేటా ఎదురెదురుగా.

అన్నదమ్ముల ముఖాలు ఇంచుమించు ఒకటే. ఆకుల దండ ఉన్నవాడు కారకల్లా. 198లోనే ఆగస్టస్, అంటే తండ్రితో పాటు చక్రవర్తి అయ్యాడు. దండ లేని తల గేటాది, అప్పటికింకా సీజరే, అంటే వారసుడి హోదాలోనే, ఆగస్టస్ అయింది 209లో. రెండేళ్లకే అన్న చేతిలో పోయాడు.

అరుగుదల మొదట డోమ్నా ముక్కు మీద కనిపిస్తుంది, అచ్చులో ఎత్తైన చోటు అదే కాబట్టి. ముక్కు అరిగి జుట్టు పాయలు పదునుగా ఉంటే సహజం. అన్నీ సమానంగా మెత్తబడి, మధ్యలో సన్నని గుంటలుంటే పోతపోసిన నకలు కావచ్చు.

తూకం 7.2 గ్రాముల దగ్గర ఉండాలి. నీరో కాలం నుంచి ఒక రోమన్ పౌండు బంగారానికి 45 కాసులు కొట్టేవారు. కారకల్లా 215లో దాన్ని 50 చేసి తూకం 6.5కి దించాడు. సాంద్రత చూడాలంటే నీళ్ల గిన్నెను కాటా మీద పెట్టి సున్నా చేసి, కాసును దారంతో అడుగు తగలకుండా ముంచండి. 7.2 గ్రాముల కాసుకు పెరిగిన బరువు 0.38 గ్రాములు ఉంటే (7.2 ÷ 0.38) సాంద్రత 19 వస్తుంది, మేలిమి బంగారమే. 0.41 వస్తే 22 క్యారెట్ల దగ్గరిది. తేడా ఇంత తక్కువ కాబట్టి మిల్లీగ్రాము కాటా తప్పనిసరి. గాలి బుడగ అంటుకుంటే మంచి కాసు కూడా కల్తీలా కనిపిస్తుంది. నీళ్లలో ఒక చుక్క సబ్బు కలపండి. అయితే అసలు బంగారంతోనే కొట్టిన నకిలీని ఈ పరీక్ష పట్టుకోలేదు. దానికి అచ్చును తెలిసిన అసలు కాసులతో పోల్చి చూడాల్సిందే.

మన వినుకొండ దగ్గర దొరికిన రోమన్ కాసులు టిబెరియస్ చక్రవర్తి నుంచి కారకల్లా దాకా ఉన్నాయి. దక్షిణాదిలో దొరికేవాటికి తల పైన రెండు రంధ్రాలు, ముఖం మీద ఉలిగాటు మామూలే. అక్షరాలు అర్థంపర్థం లేకుండా ఉన్న సెవెరస్ కాసులు కూడా వస్తాయి. అవి ఆ రోజుల్లోనే ఇక్కడ కొట్టిన అనుకరణలు, నేటి నకిలీలతో కలపకండి. పొలంలో దొరికితే మాత్రం 1878 నాటి నిధుల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి.