నాన్నకి ఆంఫోటెరిసిన్ ఎక్కించిన రోజులు: నా అనుభవం

2021 మే. కోవిడ్ తగ్గి ఇంటికొచ్చిన నాన్నకి కన్ను కింద వాపు, ముక్కులోంచి నల్లటి స్రావం. షుగర్ ఎప్పట్నుంచో ఉంది, పైగా స్టెరాయిడ్లు పడ్డాయి. బ్లాక్ ఫంగస్ అన్నారు. కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రిని ఈ జబ్బుకి నోడల్ కేంద్రం చేసిన రోజులవి. మాకు మలక్‌పేట వైపు ఒక ప్రైవేటు ఆస్పత్రిలో బెడ్ దొరికింది. సైనస్ ఆపరేషన్ గట్టెక్కింది. ఆ తర్వాత మొదలైంది ఫంగస్‌ని చంపే ఆంఫోటెరిసిన్ ఇంజెక్షన్.

ముందు లైపోసోమల్ రకం, అంటే మందుని సన్నటి కొవ్వు బుడగల్లో పెట్టి చేసేది, ఇచ్చారు. కిలోకి 5 మిల్లీగ్రాములు. నాన్న బరువు 60 కిలోలు కాబట్టి రోజుకి 50 మిల్లీగ్రాముల వయల్స్ ఆరు. ఊరంతా కొరత కదా, మధ్యలో అది దొరక్క మామూలు ఆంఫోటెరిసిన్‌కి మార్చారు. దీని డోసు కిలోకి 1 మిల్లీగ్రాము దగ్గరే ఉంటుంది. పేరు ఒకటే కదా అని లైపోసోమల్ డోసు దీనికి ఇస్తే ప్రాణం మీదకొస్తుంది. అందుకే సిస్టర్ లేబుల్ పైకి చదివి, ఇంకో సిస్టర్‌కి చూపించాకే మందు కలిపేది.

మామూలు రకం ఎక్కించిన మొదటి రోజు డ్రిప్ పెట్టిన కాసేపటికే నాన్నకి వణుకు. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి, మంచం కడ్డీలు చప్పుడు చేస్తున్నాయి, రెండు దుప్పట్లు కప్పినా ఆగదు. వెనకే జ్వరం. సిస్టర్ డ్రిప్ ఆపేసి డాక్టర్‌ని పిలిచింది. వణుకు తగ్గాక మళ్లీ నెమ్మదిగా మొదలుపెట్టారు. మర్నాటి నుంచి ముందే పారాసిటమాల్, అలర్జీ ఇంజెక్షన్ ఇచ్చి, బీపీ చూస్తూ, గంటల తరబడి ఎక్కించేవారు.

బాటిల్ మీద డెక్స్‌ట్రోజ్ అని చూసి బాబాయి కంగారుపడ్డాడు.

"షుగర్ పేషెంట్‌కి గ్లూకోజ్ ఎక్కిస్తారేంటమ్మా?"

"సెలైన్‌లో కలిపితే ఈ మందు విరిగిపోతుంది సార్. షుగర్ సంగతి ఇన్సులిన్‌తో మేం చూసుకుంటాం."

సెలైన్ కూడా ఇచ్చేవారు, కానీ విడిగా, మందుకి ముందు. కిడ్నీల మీద భారం తగ్గడానికట. మధ్యలో లైన్‌ని డెక్స్‌ట్రోజ్‌తో కడిగేవారు.

నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టింది రక్త పరీక్షలే. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 0.9 నుంచి 1.8కి పెరిగింది. పొటాషియం 2.8కి పడిపోయింది. కాళ్లు పీకుతున్నాయి, లేచి నిలబడే ఓపిక లేదు. ఇది మరీ తగ్గితే గుండె లయ తప్పుతుందని ఈసీజీ తీశారు. మెగ్నీషియం కూడా తక్కువే. అది సరిచేయకపోతే పొటాషియం ఎంత ఇచ్చినా నిలవదట. చూడ్డానికొచ్చిన ప్రతివాళ్లూ కొబ్బరినీళ్లు పట్టమనేవారు. డాక్టర్ మాత్రం ఈ లోటు దాంతో తీరదని, కిడ్నీలు ఇలా ఉన్నప్పుడు పొటాషియం ఎక్కువైనా ముప్పేనని, కొలత ప్రకారం సిరప్పే రాశారు. నీళ్లలో కలిపినా ఆ రుచికి నాన్న ముఖం చిట్లించేవారు. మోకాలి నొప్పికి పాత డైక్లోఫెనాక్ మాత్ర అడిగితే అదీ వద్దన్నారు, కిడ్నీల కోసమే.

నేను ఒక నోట్‌బుక్‌లో క్రియాటినిన్, పొటాషియం, షుగర్, తాగిన నీళ్లు, పోసిన మూత్రం రాసిపెట్టేదాన్ని. రౌండ్స్‌కొచ్చే డాక్టర్లు మారుతుంటే అదే అక్కరకొచ్చింది.

డిశ్చార్జ్ అయ్యాక ఫంగస్‌కే పొసకొనజోల్ మాత్రలు, అన్నం తిన్నాకే వేసుకోమన్నారు. దాంతో పడదని నాన్న కొలెస్ట్రాల్ మాత్ర ఆపించారు. కొత్త మందేదైనా ముందు తమని అడగమన్నారు. క్రియాటినిన్ మామూలుకి రావడానికి చాలా వారాలు పట్టింది.