74వ సవరణకు నేను షిమ్లాను పట్టుకున్నాను

గ్రూప్-1 మెయిన్స్ రాసేవాళ్లలో చాలామంది 74వ రాజ్యాంగ సవరణ తెచ్చిన మున్సిపాలిటీల ఆర్టికల్స్‌ని, 243-పి నుంచి 243-జెడ్‌జి దాకా, బట్టీ పడతారు. ప్రిలిమ్స్‌కి అది సరిపోతుంది, మెయిన్స్‌కి చాలదు. నేను ఒక్క చిన్న ఊరి కౌన్సిల్‌ని పట్టుకుని ఆర్టికల్స్ అన్నీ దాని మీదే చదివాను. జీహెచ్‌ఎంసీ మహాసముద్రం, దిగితే తేలలేం. షిమ్లా జనాభా 2011 లెక్కల్లో 1.7 లక్షల లోపే.

ఆ సంఖ్యలోనే ఒక పాయింట్ ఉంది. 243-ఎస్ ప్రకారం వార్డు కమిటీలు 3 లక్షలు, ఆపైన జనాభా ఉన్న చోటే తప్పనిసరి. అంటే కార్పొరేషన్ హోదా ఉన్నా షిమ్లాకు ఆ నిర్బంధం లేదు.

అసలు మజా 2012 ఎన్నికల్లో ఉంది. ఆ ఏడాది మేయర్, డిప్యూటీ మేయర్లను ఓటర్లే నేరుగా ఎన్నుకున్నారు. రెండు పదవులూ సీపీఎంకే. కానీ 25 వార్డుల్లో ఆ పార్టీకి వచ్చినవి మూడు. బీజేపీకి 12, కాంగ్రెస్‌కు 10. మేయర్ ఒక పార్టీ, సభ ఇంకో పార్టీలది. తర్వాత ప్రభుత్వం చట్టం మార్చి ఎన్నికను మళ్లీ కౌన్సిలర్ల చేతికే ఇచ్చింది. మేయర్ ఎన్నిక పద్ధతిని 243-ఆర్ రాష్ట్ర శాసనసభకే వదిలేసింది కాబట్టి అది కుదిరింది. ‘ప్రత్యక్ష ఎన్నిక మంచిదా?’ అన్న ప్రశ్నకు ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. పైగా ఎవరు గెలిచినా రోజువారీ కార్యనిర్వహణ రాష్ట్రం వేసిన కమిషనర్ చేతిలోనే.

243-యూ ఐదేళ్లకు మించి పదవీకాలం ఇవ్వదు, అది ముగిసేలోపే ఎన్నిక జరగాలంటుంది. షిమ్లాలో 2022 జూన్‌లో గడువు ముగిసింది. వార్డుల సంఖ్య, పునర్విభజన గొడవ కోర్టుకెక్కింది. పోలింగ్ 2023 మేలో, 34 వార్డులకు జరిగింది. కిషన్‌సింగ్ తోమర్ కేసులో (2006) సుప్రీంకోర్టు సకాలంలో ఎన్నికలు పెట్టాల్సిందేనని చెప్పింది. ఈ రెండూ పక్కపక్కన రాయండి.

రాజ్యాంగం 12వ షెడ్యూల్‌లో (మున్సిపాలిటీలకు అప్పగించదగ్గ పనుల జాబితా) ఉన్న 18 అంశాల్లో 5వది నీటి సరఫరా. 2018 వేసవిలో షిమ్లా కుళాయిలు ఎండిపోయాయి, ఆ ఏడాదే నీటి పనిని ప్రత్యేక కంపెనీకి అప్పగించారు. కౌన్సిలర్‌ను మాత్రం జనం ఇప్పటికీ నీళ్ల గురించే నిలదీస్తారు. 243-డబ్ల్యూ మున్సిపాలిటీలకు ఈ అధికారాలను రాష్ట్రం ‘ఇవ్వవచ్చు’ అనే అంటుంది, ‘ఇవ్వాలి’ అనదు.

తెలంగాణ పేపర్ రాసేవాళ్లు హైదరాబాద్‌ని కూడా కలపండి. 2002లో అక్కడా మేయర్‌ను ఓటర్లే నేరుగా ఎన్నుకున్నారు.